పై పళ్ళే ఎందుకు ముందు పుచ్చుతాయి? పసిపిల్లల దంతక్షయం వెనుక ఉన్న లెక్క

రెండు, మూడేళ్ళ పిల్లల్లో పళ్ళు పుచ్చే తీరును దగ్గరగా చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పైవరుసలో ముందుండే నాలుగు పళ్ళూ గోధుమరంగుకు తిరిగి, అంచులు విరిగి, కొందరిలో చిగుళ్ళ దాకా కరిగిపోయి మొదళ్ళు మాత్రమే మిగులుతాయి. వాటికి ఎదురుగా ఉన్న కింది నాలుగు పళ్ళు మాత్రం తెల్లగా, చెక్కుచెదరకుండా ఉంటాయి. నిజానికి నోట్లోకి ముందు వచ్చేవి కింది పళ్ళే. అంటే పాలనూ తీపినీ అన్నిటికంటే ఎక్కువ కాలం చవిచూసినవి అవే. అయినా అవి నిలబడ్డాయి, వెనకొచ్చిన పై పళ్ళు పోయాయి.

సీసా పీక నోట్లో ఉన్నప్పుడు పిల్లల నాలుక ముందుకు వచ్చి కింది పళ్ళను కప్పేస్తుంది. పైగా నాలుక కిందే లాలాజలం ఊరే నాళాల నోళ్ళు తెరుచుకుంటాయి కాబట్టి కింది ముందు పళ్ళు ఎప్పుడూ ఉమ్ములో తడుస్తూనే ఉంటాయి. పై పళ్ళకు ఈ రెండు రక్షణలూ లేవు. పాలు వచ్చి పై పెదవికీ పళ్ళకీ మధ్య నిలుస్తాయి. బిడ్డ నిద్రలోకి జారుకున్నాక లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. ఇక ఆ పాలను కడిగేసేది ఏదీ ఉండదు.

ఈ ఒక్క సంగతి అర్థమైతే పసిపిల్లల దంతక్షయం సగం అర్థమైనట్టే. "మా వంశంలోనే పళ్ళు గట్టివి కావండీ" అనే మాట మన ఇళ్ళలో తరచూ వింటాం. పళ్ళ బలహీనతే అసలు కారణమైతే అన్ని పళ్ళూ ఒకేలా పోవాలి కదా. పోవు. ఏ పంటి మీద తీపి ఎంతసేపు నిలిచింది, దాన్ని లాలాజలం ఎంత త్వరగా కడిగింది అన్నదాన్ని బట్టే పోతాయి. ఈ జబ్బులో ప్రతి కారణమూ చివరికి వచ్చి చేరేది కాలం లెక్కకే.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. పాలపళ్ళలో చికిత్స లేకుండా ఉండిపోయిన పుచ్చుతో ప్రపంచంలో 51 కోట్ల మందికి పైగా పిల్లలు బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక లెక్కకట్టింది. మన దేశంలో డెంటల్ కౌన్సిల్ 2002-03లో చేసిన జాతీయ సర్వేలో అయిదేళ్ళ పిల్లల్లో 51.9 శాతం మందికి పుచ్చు పళ్ళున్నాయి. అంటే ఒకటో తరగతిలోకి అడుగుపెట్టే ఇద్దరిలో ఒకరికి. ఆరేళ్ళలోపు బిడ్డకు ఒక్క పాలపన్ను పుచ్చినా, పుచ్చు వల్ల ఊడినా, నింపించాల్సి వచ్చినా వైద్యులు దాన్ని ఈ జబ్బు కిందే లెక్కేస్తారు. మూడేళ్ళలోపు బిడ్డకైతే పంటి నున్నటి భాగం మీద పుచ్చు తాలూకు తెల్లమచ్చ ఒక్కటి కనిపించినా అది తీవ్రమైన రకమే.

ఎంత తీపి అని కాదు, ఎన్నిసార్లు అని

పంటి పైపొర ఎనామెల్. అది ప్రధానంగా కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి గట్టిపడిన ఖనిజం. పళ్ళ మీద పట్టే మెత్తటి పాచిలో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులుంటాయి. మనం తిన్న చక్కెరను అవీ తింటాయి, తిని ఆమ్లాన్ని వదులుతాయి. ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత పీహెచ్, ఆ అంకె తగ్గితే ఆమ్లం పెరిగినట్టు. పంటి ఉపరితలం దగ్గర అది 5.5 కంటే కిందికి పడిందంటే ఎనామెల్ నుంచి ఖనిజం కరగడం మొదలవుతుంది. తరవాత లాలాజలం వచ్చి ఆమ్లాన్ని విరిచి, కరిగిన కాల్షియాన్నీ ఫాస్ఫేట్‌నీ తిరిగి పంటికి అందిస్తుంది. ఈ కరగడం, తిరిగి చేరడం పుట్టిన ప్రతి ఒక్కరి నోట్లోనూ రోజూ జరుగుతూనే ఉంటుంది. పోయేది వచ్చేదానికంటే ఎక్కువైన రోజులు వరసగా పేరుకుంటే పన్ను గుల్లబారుతుంది. పంట్లో పురుగేమీ ఉండదు.

అమెరికాకు చెందిన రాబర్ట్ స్టీఫెన్ 1940లలో ఈ ఆమ్లాన్ని నోట్లోనే కొలిచి చూశాడు. చక్కెర నీళ్ళతో పుక్కిలించిన కొద్ది నిమిషాల్లోనే పీహెచ్ దభాలున పడిపోయింది. మామూలు స్థాయికి తిరిగి రావడానికి అరగంట నుంచి గంట పట్టింది. ఇందులోనే అసలు కిటుకంతా ఉంది. నాలుగు బిస్కెట్లు ఒకేసారి తింటే పళ్ళు ఆమ్లంలో ఉండేది దాదాపు ఒక్క విడతే. అవే నాలుగింటినీ గంటకొకటి చొప్పున తింటే నాలుగు విడతలు.

స్వీడన్‌లోని విపెహోమ్‌లో ఇదే విషయం ఇంకా స్పష్టంగా, ఇంకా క్రూరంగా తేలింది. 1940ల చివర అక్కడి మానసిక వికలాంగుల ఆశ్రమంలో రోగులకు రకరకాల పద్ధతుల్లో చక్కెర పెట్టి ఏళ్ళ తరబడి పళ్ళు పరీక్షించారు. భోజనంతో పాటు తీపి తిన్నవాళ్ళకు పుచ్చు కొద్దిగానే పెరిగింది. భోజనాల మధ్యలో పళ్ళకంటుకునే టాఫీలు తిన్నవాళ్ళ నోళ్ళు పాడైపోయాయి. ఒద్దని చెప్పలేని మనుషుల మీద జరిగిన ప్రయోగమది. ఈ రోజున ఏ వైద్య సంస్థా అలాంటిదానికి ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు. కానీ ఆ మనుషుల నోళ్ళు చెల్లించిన మూల్యంతో వచ్చిన ఆ సమాచారాన్ని డెబ్భై ఏళ్ళ తరవాత కూడా మనం పిల్లల విషయంలో వాడుకోవడం లేదంటే అది మరింత బాధాకరం.

మన ఇళ్ళలో ఒక నాలుగేళ్ళ పిల్లవాడి రోజును తీసుకోండి. పొద్దున లేవగానే పంచదార వేసిన పాలు. ఎనిమిదింటికి ఇడ్లీ. పదిన్నరకు ఏడుపు మాన్పించడానికి బిస్కెట్లు. ఒంటిగంటకు అన్నం. మూడున్నరకు నిద్ర లేచాక మళ్ళీ పాలు, ఈసారి చాక్లెట్ పొడి కలిపి. అయిదింటికి తాతయ్య చెయ్యి పట్టుకుని వీధి చివరి కొట్టుకు వెళితే అయిదు రూపాయల ప్యాకెట్. ఆరున్నరకు చుట్టాలు తెచ్చిన కేకు ముక్క. ఎనిమిదింటికి అన్నం. తొమ్మిదిన్నరకు పడుకోబెట్టడానికి సీసా పాలు. మొత్తం తొమ్మిది సార్లు. ఇడ్లీ, అన్నం బిస్కెట్టంత ఆమ్లం పుట్టించవు, నిజమే. అయినా ఒక్కోదానికి సగటున 40 నిమిషాలు వేసుకుంటే రోజులో ఆరు గంటల పాటు ఆ పళ్ళు కరుగుతున్నట్టు లెక్క. ఈ పిల్లవాడు తిన్న తీపి అంతా కలిపినా పెద్దగా ఉండకపోవచ్చు. అందుకే వాళ్ళమ్మ "మావాడు స్వీట్లసలు తినడండీ" అంటుంది. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు.

అదే బిస్కెట్టు, అదే కేకు మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే పెట్టి, పాలలో పంచదార మానేసి, పాలు తాగాక నాలుగు గుక్కలు మంచినీళ్ళు పట్టిస్తే ఆ ఆరు గంటలు సగానికి దిగుతాయి. పిల్లవాడికి పెట్టే తిండిలో పెద్దగా మారిందేమీ లేదు. వేళలు మారాయి.

"బుగ్గన పెట్టుకుంటాడండీ"

ఈ వయసు పిల్లల గురించి ఏ తల్లిని కదిపినా ఈ ఫిర్యాదు రాక మానదు. ముద్ద పెడితే మింగడు, బుగ్గన పెట్టుకుని కూర్చుంటాడు. చేతిలో ఫోన్, ఫోన్లో బొమ్మలు, బుగ్గలో పప్పన్నం. ఇది గారాబమో మొండితనమో అనుకుని ఊరుకుంటాం కానీ పళ్ళ విషయంలో ఇది చాలా పెద్ద సంగతి. లాలాజలంలోని ఎంజైమ్ అన్నంలోని పిండి పదార్థాన్ని నోట్లోనే చక్కెరగా విడగొడుతుంది. అరగంట సేపు బుగ్గన ఉన్న ముద్ద దవడ పళ్ళ బయటి వైపు చిగుళ్ళకు ఆనుకుని నిలుస్తుంది. కొందరు పిల్లల దవడ పళ్ళలో నమిలే వైపు బాగుండి, చెంపవైపు మాత్రం చిగురు అంచు వెంబడి గుంటలు పడడం వెనుక ఈ అలవాటు కూడా ఉంటుంది.

ఎందుకు దాస్తారన్నది వేరే ప్రశ్న. ఒక్కోసారి ఆకలే ఉండదు, అరగంట ముందు తాగిన పాలతో కడుపు నిండి ఉంటుంది. ఒక్కోసారి ధ్యాసంతా ఫోన్ మీదే ఉండి నమలడం మరిచిపోతారు. ఇంకోసారి పన్ను అప్పటికే పుచ్చి, నమిలితే జివ్వుమంటుంది. నొప్పికి నమలరు, నమలలేక దాస్తారు, దాచినందుకు ఇంకా పుచ్చుతుంది. తిండి సరిగ్గా తినడం లేదని కంగారుపడి పెద్దవాళ్ళు ఇంకో గ్లాసు తీపి పాలు పట్టిస్తారు.

ఈ పాలతో కడుపు నింపే అలవాటుకు మరో ముఖం రక్తహీనత. పాలలో ఇనుము చాలా తక్కువ. పాలే ప్రధాన ఆహారమైపోయిన పిల్లల్లో ఇనుము లోపం వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, పాలొక్కటే కాదు. కానీ పుచ్చు పళ్ళూ పాలిపోయిన ముఖమూ ఒకే పిల్లవాడిలో కనిపిస్తే రెంటినీ కలిపి ఆలోచించాలి. ఇక్కడే ఇంకో మాట. ఐరన్ సిరప్ వేస్తే పళ్ళు నల్లబడుతున్నాయని చాలామంది తల్లులు మధ్యలో ఆపేస్తారు. అది పైపై మరక మాత్రమే, పుచ్చు కాదు, డెంటిస్టు శుభ్రం చేస్తే పోతుంది. మందు ఆపొద్దు.

రాత్రి పాలు, తల్లి పాలు

ఇది సున్నితమైన విషయం. దీన్ని తప్పుగా చెబితే తల్లిని దోషిగా నిలబెట్టినట్టవుతుంది, అసలు చెప్పకపోతే బిడ్డకు అన్యాయం.

పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ అనే చక్కెర, మనం కలిపే పంచదారంత చెడు చెయ్యదు. పాలలోని కాల్షియం, కేసిన్ అనే ప్రోటీన్ పళ్ళకు కొంత మేలు కూడా చేస్తాయి. పగటిపూట గ్లాసుతో తాగిన చప్పటి పాల వల్ల పెద్ద ప్రమాదం లేదు. సీసాలో పోసి, అందులో పంచదారో తేనో పొడో కలిపి, ఆ పీక నోట్లో ఉండగానే నిద్రపుచ్చడంతో సమస్య మొదలవుతుంది. ఏడాది నిండాక సీసా మాన్పించి గ్లాసు అలవాటు చెయ్యాలనేది ఇందుకే. మన పాత ఇళ్ళలో ఉగ్గుగిన్నె ఉండేది. పిల్ల దాన్ని నోట్లో పెట్టుకుని నిద్రపోలేదు. ఆ ఒక్క కారణానికే అది సీసా కంటే మేలు.

తల్లిపాల సంగతి వేరు. మొదటి ఏడాదిలో తల్లిపాలు తాగిన పిల్లలకు, సీసా పాలు తాగిన పిల్లలతో పోలిస్తే పుచ్చు తక్కువేనని అధ్యయనాలు చూపించాయి. బ్రెజిల్‌లోని పెలోటాస్‌లో పుట్టినప్పటి నుంచీ పిల్లల్ని గమనిస్తూ వచ్చిన పరిశోధకులు 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, రెండేళ్ళు దాటి తల్లిపాలు తాగిన పిల్లల్లో తీవ్రమైన పుచ్చు వచ్చే అవకాశం ఏడాదిలోపు మానేసినవాళ్ళతో పోలిస్తే రెండింతలకు పైగా ఉంది. ఏడాదికీ రెండేళ్ళకీ మధ్య మానేసినవాళ్ళలో అలాంటి తేడా కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండేళ్ళు, ఆ పైన కూడా తల్లిపాలు ఇవ్వమంటుంది, దానికి చాలా బలమైన కారణాలున్నాయి. కాబట్టి పళ్ళ కోసం పాలు మాన్పించడం సరైన ముగింపు కాదు. పళ్ళొచ్చాక పడుకోబోయే ముందు బ్రష్ చెయ్యడం, ఏడాది దాటాక రాత్రంతా రొమ్ము నోట్లోనే ఉండిపోయే పద్ధతిని మెల్లగా తగ్గించడం చాలు. బిడ్డ భారమంతా ఒక్కతే మోస్తూ, పగలంతా కూలికో ఆఫీసుకో వెళ్ళొచ్చే తల్లికి రాత్రి మూడింటికి ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టడానికి వేరే దారి ఉండదు. ఆ ఇంట్లో తండ్రి లేచి మంచినీళ్ళు పట్టించి భుజాన వేసుకుంటే పళ్ళు కాపాడినట్టే. ఈ మాట తండ్రులకు డాక్టర్లు ఇంకా గట్టిగా చెప్పాలి.

రాత్రి వేళల్లోనే ఇంకో తీపి చాటుగా వస్తుంది. దగ్గు మందు, జ్వరం మందు, యాంటీబయాటిక్. పిల్లలకిచ్చే సిరప్‌లలో చాలావాటికి రుచి కోసం చక్కెర కలుపుతారు. పడుకోబెట్టే ముందు ఒక మూత పోసి పడుకోబెట్టేస్తాం. మాటిమాటికీ ఆయాసమో జలుబో వచ్చి మందులు వాడే పిల్లల్లో ఇది నెలల తరబడి నడుస్తుంది. చక్కెర లేని రకం ఉందేమో అడగడం, లేకపోతే మందు పట్టాక నీళ్ళు తాగించడం కష్టమేం కాదు. తేనె విషయానికొస్తే, ఏడాదిలోపు బిడ్డకు అసలు నాకించకూడదు. పళ్ళ కోసం కాదు, బోట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు ప్రమాదం వల్ల.

క్రిములు ఎక్కడి నుంచి, పన్ను ఎప్పటి నుంచి

పుచ్చుతో ఎక్కువగా ముడిపడిన సూక్ష్మజీవి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్. ఇంగ్లండ్‌లో కిలియన్ క్లార్క్ 1924లో దీన్ని పుచ్చు పళ్ళ నుంచి వేరుచేశాడు. మిగతా క్రిములకంటే ఇది ప్రమాదకరం కావడానికి కారణం, పంచదారతో జిగురు తయారు చేసి పంటికి అతుక్కుపోవడం, తన ఆమ్లంలో తానే హాయిగా బతకగలగడం. ఇది ఎక్కువగా తల్లి నోటి నుంచి, లేదా దగ్గరుండి పెంచేవాళ్ళ నోటి నుంచి బిడ్డకు చేరుతుంది. 19 నుంచి 31 నెలల మధ్య ఇది బిడ్డ నోట్లో స్థిరపడుతుందని అమెరికా పరిశోధకుడు పేజ్ కాఫీల్డ్ బృందం 1993లో చెప్పింది. అంతకంటే ముందే చేరడం కూడా మామూలేనని తరవాతి పరిశోధనల్లో తేలింది.

ఇది చదివి బిడ్డను ముద్దుపెట్టుకోవడానికి భయపడాల్సిన పని లేదు. క్రిమి ఎలాగూ వస్తుంది. అది నోట్లో పెత్తనం చెలాయిస్తుందా, ఓ మూల పడి ఉంటుందా అన్నది తీపి ఎన్నిసార్లు వస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది. ఆమ్లం తరచూ ఉండే నోట్లో ఆమ్లాన్ని తట్టుకునే జాతులే మిగులుతాయి, మిగతావి తగ్గిపోతాయి. బ్రిటన్‌కు చెందిన ఫిలిప్ మార్ష్ 1990లలో ఈ వాదనను ముందుకు తెచ్చాక ఒక్క క్రిమిని వేటాడే ఆలోచన వెనక్కి తగ్గింది. ఆచరణలో దీనివల్ల తేలేది ఇది: గర్భిణి తన పుచ్చు పళ్ళకు వైద్యం చేయించుకుంటే బిడ్డకు మేలు. నాన్నమ్మ మెత్తగా నమిలి పెట్టే అలవాటు మానేస్తే మంచిది. వీటికంటే తీపి విడతలు తగ్గించడం ముఖ్యం.

పంటి బలహీనత అసలు కారణం కాదని పైన అన్నాను. దానికి ఒక సవరణ ఉంది. పాలపళ్ళ ఎనామెల్ తయారీ గర్భంలో నాలుగో నెల నుంచే మొదలై, పుట్టిన ఏడాదిలోపు ముగుస్తుంది. ఆ కాలంలో తల్లికి పోషణ లేకపోయినా, విటమిన్ డి బాగా తగ్గినా, బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా ఎనామెల్ పలచగానో గుంటలుగానో తయారవుతుంది. ఆ లోపమున్న పన్ను మిగతా పళ్ళకంటే చాలా తొందరగా లొంగిపోతుంది. పైగా పాలపంటి ఎనామెల్ మందం శాశ్వత పంటిదానిలో దాదాపు సగమే. లోపలి నరం గది పెద్దది. అందుకే పెద్దవాళ్ళకు రెండేళ్ళు పట్టే పుచ్చు పిల్లలకు కొన్ని నెలల్లోనే నరం దాకా పోతుంది. వయసుకు తగ్గ ఎత్తు లేని అయిదేళ్ళలోపు పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, తెలంగాణలో 33 శాతం ఉన్నారని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ పిల్లల్లో చాలామందికి పంటి నిర్మాణంలోనే లోటు జరిగి ఉంటుందని అనుకోవడానికి ఆధారముంది. వాళ్ళ దంతక్షయం వాళ్ళు పుట్టకముందే మొదలైంది.

ఫ్లోరైడ్ అంటే నల్గొండే గుర్తొస్తుంది

తెలుగువాళ్ళతో ఫ్లోరైడ్ గురించి మాట్లాడడం కష్టం. ఆ పేరు వినగానే వంగిపోయిన వెన్నులు, కొంకర్లు తిరిగిన కాళ్ళు కళ్ళ ముందు మెదులుతాయి. తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బు, ఫ్లోరోసిస్, మీద దేశంలో వచ్చిన తొలి శాస్త్రీయ నివేదికల్లో ఒకటి 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో తరాలు ఈ నీటికి బలయ్యాయి. ఆ భయం న్యాయమైనదే. కానీ ఆ భయంతోనే ఫ్లోరైడ్ లేని పేస్టు కొనుక్కొచ్చే ఇళ్ళు చాలా ఉన్నాయి, అక్కడ మాత్రం లెక్క తప్పుతోంది.

అంకెలు చూడండి. మన దేశంలో టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదని నిబంధన. అంటే గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము. మూడేళ్ళలోపు బిడ్డకు వెయ్యాల్సింది బియ్యపు గింజంత, అంటే సుమారు 0.1 గ్రాము. రెండు పూటలా వేసినదంతా మింగేసినా లోపలికి వెళ్ళేది 0.2 మిల్లీగ్రాములు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకూడదు. వేరే నీటి వనరు లేని చోట 1.5 వరకు అనుమతిస్తారు. ఆ 1.5 ఉన్న నీళ్ళు లీటరు తాగితే పేస్టు నుంచి వచ్చేదానికి ఏడు రెట్లు పైనే. జబ్బు చేసేది ఏళ్ళ తరబడి తాగే నీరు. పళ్ళను కాపాడేది పంటి మీద తాకి ఉండే కాస్త ఫ్లోరైడ్. అది ఎనామెల్‌తో కలిసి, దాన్ని పీహెచ్ 4.5 దాకా పడినా కరగనంత గట్టి ఖనిజంగా మారుస్తుంది.

కాబట్టి పేస్టు కొనేటప్పుడు మీద ఉన్న బొమ్మ కాదు, వెనక ఉన్న అంకె చూడాలి. పిల్లల పేస్టుల్లో కొన్నిట్లో ఫ్లోరైడ్ ఉండదు, కొన్నిట్లో సగమే ఉంటుంది. మూడేళ్ళు దాటాక బఠాణీ గింజంత చాలు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళలో మాత్రం డెంటిస్టును అడిగి మొదలుపెట్టాలి. బ్రష్ చెయ్యాల్సింది పెద్దవాళ్ళే. ఆరేడేళ్ళు వచ్చేదాకా పిల్లల చేతికి ఆ నేర్పు రాదు. రెండు పూటల్లో ఒకటే కుదిరే ఇంట్లో రాత్రి పూటను వదులుకోవద్దు. పొద్దున బ్రష్ ఎవరూ మరిచిపోరు, రాత్రే మరిచిపోతాం, కావాల్సింది రాత్రే.

తల్లి ఒక్కతే ఎందుకు జవాబు చెప్పాలి?

పుచ్చు పళ్ళతో బిడ్డను తీసుకెళితే ఆస్పత్రిలో మొదట పడే మాట తల్లికే. ఆ మాట అనేవాళ్ళు బయటికొచ్చి ఆస్పత్రి గేటు దగ్గరున్న కొట్టును చూడాలి. పిల్లల కంటి ఎత్తులో వేలాడే అయిదు రూపాయల, పది రూపాయల ప్యాకెట్లు. చేలో నాట్లు వేస్తూ గట్టు మీద బిడ్డను కూర్చోబెట్టిన తల్లికి, సిటీలో భవనం పని దగ్గర ఇసుక కుప్ప పక్కన బిడ్డను వదిలిన తల్లికి ఏడుపు ఆపే సాధనం ఆ ప్యాకెట్టే. డబ్బున్న ఇంట్లో అదే పని చాక్లెట్ పొడి చేస్తుంది. ఏళ్ళ పాటు ఆ పొడులన్నీ ఎదుగుదలకు, జ్ఞాపకశక్తికి అని ప్రకటనల్లో చెప్పుకున్నాయి. 2024 ఏప్రిల్‌లో గానీ కేంద్ర వాణిజ్య శాఖ వాటిని 'హెల్త్ డ్రింక్స్' విభాగం నుంచి తీసెయ్యమని ఈ-కామర్స్ సంస్థలకు చెప్పలేదు. అన్నేళ్ళు ఆ మాటను నమ్మి పాలలో కలిపిన తల్లి తప్పు చేసిందని ఎలా అంటాం?

అంగన్‌వాడీల్లో పిల్లలకిచ్చే పోషకాహార పొడి బాలామృతంలో కూడా చక్కెర ఒక దినుసు. బరువు తక్కువున్న బిడ్డకు శక్తి కావాలి, దాన్ని మానెయ్యమనడం నా ఉద్దేశం కాదు. తిన్నాక నోరు కడిగించే పద్ధతి దానితోపాటే నడవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. సరిగ్గా ఈ జబ్బు వచ్చే వయసు పిల్లలు రోజూ ఒకచోట కూర్చునేది అక్కడే.

స్కాట్లండ్ ఈ పని చేసి చూపించింది. అక్కడి నర్సరీల్లో 'చైల్డ్‌స్మైల్' కార్యక్రమం కింద టీచర్ల పర్యవేక్షణలో పిల్లలు రోజూ ఫ్లోరైడ్ పేస్టుతో బ్రష్ చేస్తారు. 2003లో బడిలో చేరే పిల్లల్లో పుచ్చు కనిపించనివాళ్ళు 45 శాతమే. 2018 నాటికి ఆ సంఖ్య 71 శాతమైంది. చికిత్సలకు అయ్యే ఖర్చులో మిగిలింది కార్యక్రమం ఖర్చును మించిపోయింది. మన అంగన్‌వాడీ టీచర్ల మీద ఇప్పటికే యాప్‌లు, రిజిస్టర్లు, సర్వేల భారం ఉంది. ఈ పని అదనంగా పెడితే దానికి ఆయాకు అదనంగా డబ్బివ్వాలి, బ్రష్షులూ పేస్టూ ప్రభుత్వమే కొనాలి. వట్టి సర్క్యులర్‌తో జరిగేది కాదు. 2013లో మొదలైన, పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలి. వాళ్ళు వెతకాల్సిన సమస్యల జాబితాలో పుచ్చు పళ్ళు ఉన్నాయి. మీ ఊరి కేంద్రానికి ఆ బృందం వచ్చిన రోజున పిల్లల నోళ్ళు తెరిచి చూశారో లేదో అడిగే హక్కు తల్లిదండ్రులకుంది.

"పాలపళ్ళేగా, ఊడిపోతాయిలే"

ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి. కానీ వెనక దవడ పళ్ళు పది నుంచి పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. మూడేళ్ళకు పుచ్చిన దవడ పన్నుతో బిడ్డ ఇంకో ఏడెనిమిదేళ్ళు నమలాలి. ఆ పన్ను ముందే తీయించాల్సి వస్తే పక్క పళ్ళు జరిగి, కింద నుంచి రావాల్సిన పన్నుకు చోటు పోతుంది, పళ్ళు వంకరగా వస్తాయి. వేరు దగ్గర చీము పట్టి ఎక్కువకాలం ఉంటే కిందే తయారవుతున్న శాశ్వత పంటి ఎనామెల్ కూడా మచ్చలతో, గుంటలతో వస్తుంది. వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టేది మాటలు సరిగ్గా రాని బిడ్డ నొప్పిని చెప్పుకోలేకపోవడం. రాత్రిళ్ళు లేచి ఏడుస్తాడు, ఒకవైపే నములుతాడు, చల్లటి నీళ్ళు వద్దంటాడు, బరువు పెరగడు. ఇంట్లోవాళ్ళు దిష్టి తీస్తారు.

పుచ్చు మొదట నల్లగా కనిపించదు. చిగురు అంచు వెంబడి పంటి మీద సున్నం గీసినట్టు మెరుపు లేని తెల్లటి గీతగా మొదలవుతుంది. ఆ దశలో అది వెనక్కి తిరుగుతుంది. నెలకోసారి బిడ్డను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని, కిటికీ వెలుతురు నోట్లో పడేట్టు తల తిప్పి, బొటనవేలితో పై పెదవిని ముక్కు దాకా ఎత్తండి. గుడ్డతో పళ్ళను తుడిచి ఆరనివ్వండి. తడి ఆరితేనే ఆ గీత తేలుతుంది. గీత కనిపిస్తే రాత్రి సీసా ఆపి, ఫ్లోరైడ్ పేస్టు మొదలుపెట్టి, డెంటిస్టు దగ్గర ఫ్లోరైడ్ వార్నిష్ పూయించండి. పూయడానికి నిమిషాలు చాలు, నొప్పి ఉండదు, మూడు నుంచి ఆరు నెలలకోసారి మళ్ళీ వేస్తారు. ఏ పుచ్చూ లేకపోయినా మొదటి పన్ను వచ్చాక, ఏడాది నిండేలోపు ఒకసారి చూపించడం మంచి అలవాటు.

గుంట పడ్డాక కూడా డ్రిల్లింగ్ ఒక్కటే దారి కాదు. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రావణాన్ని పుచ్చు మీద అద్దితే చాలా పళ్ళలో అది అక్కడితో ఆగిపోతుంది. కుదురుగా కూర్చోని రెండేళ్ళ పిల్లలకు ఇది పెద్ద ఊరట. దీనికో షరతు ఉంది, పుచ్చిన భాగం శాశ్వతంగా నల్లబడుతుంది. ముందు పళ్ళకైతే చాలామంది తల్లిదండ్రులు దీనికి ఒప్పుకోరు. కానీ ఆ వయసులో పూర్తి మత్తు ఇచ్చి ఒకేసారి అన్ని పళ్ళకూ వైద్యం చెయ్యడం రెండో దారి అయినప్పుడు, ఈ నల్ల మచ్చను ఒకటికి రెండుసార్లు ఆలోచించి తూచుకోవాలి. దవడ పళ్ళకు పుచ్చును తవ్వకుండానే స్టీల్ టోపీ తొడిగే పద్ధతి కూడా ఉంది, ఇది స్కాట్లండ్‌లో నోర్నా హాల్ అనే డెంటిస్టు మొదలుపెట్టింది, ఆవిడ పేరుతోనే పిలుస్తారు. వీటిలో ఏది కుదురుతుందో పిల్లల దంతవైద్యులు చూసి చెబుతారు. పెద్ద ఊళ్ళలో ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో పిల్లల పళ్ళకు ప్రత్యేక విభాగం ఉంటుంది.

చిగురు మీద చీము గుల్ల కనిపించినా, చెంప వాచినా, పళ్ళ నొప్పితో పాటు జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆ రోజే తీసుకెళ్ళాలి. వాపు కంటి వైపు ఎగబాకినా, దవడ కిందికి దిగి మింగడమో ఊపిరి తీసుకోవడమో కష్టమైనా డెంటల్ క్లినిక్‌కు కాదు, నేరుగా పెద్దాస్పత్రి ఎమర్జెన్సీకే.